గాయపడిన తేదీ

ఫారంలో పన్నెండో గడి వేలి గోరంత ఉంటుంది.
పక్కన "గాయపడిన తేదీ" అని అచ్చేసి ఉంటుంది.
నడుం విరిగినవాడికి ఆ చోటు చాలు.
యంత్రంలో వేలు పోగొట్టుకున్నవాడైతే
గంటా నిమిషమూ కూడా ఇరికించి రాస్తాడు.

ఎరల్ ట్విగ్ మార్చి పంతొమ్మిది అని రాశాడు.
మంగళవారం.

జీలాంగ్‌లో, మూడో అంతస్తులో,
సముద్రానికి వీపు పెట్టి కూర్చుని
జనం మనసులు ఎక్కడ విరిగాయో
కాగితాల్లో వెతకడం నా ఉద్యోగం.
ఆ మంగళవారం రికార్డులు తెప్పించాను.
గిడ్డంగిలో ప్రమాదం లేదు. గొడవ లేదు. మెమో లేదు.
చలిగది మైనస్ ఇరవై రెండు, ఎప్పటిలాగే.
అతను మోసిన బఠాణీ పెట్టెలు నాలుగువందల పది,
ముందురోజు కన్నా ఆరు ఎక్కువే.

అంతకు ముందు పేజీలే బరువుగా ఉన్నాయి.
చెవిలో హెడ్‌సెట్, అందులో ఆడదీ మగదీ కాని గొంతు:
"పద్నాలుగో వరస, ఆరో అర, పదకొండు సెకన్లు."
ఇంట్లో భార్య ఉప్పందుకోమంటే
లోపల సెకన్లు లెక్కపెట్టుకునేవాడట.
గోడమీద బోర్డులో పదకొండు నెలలుగా అతని పేరు ఎర్ర రంగులోనే.
కొత్త సూపర్‌వైజరు "తాతా" అని పిలిచేవాడు.
నవ్వనివాళ్ళకి ఆదివారం డ్యూటీ పడేది,
అందుకని అందరూ నవ్వేవాళ్ళు.
కిందటి జూన్‌లో ర్యాకు కూలింది.
టెవిటా దాని కింద ఉండిపోయాడు.
నలభై నిమిషాలు పని ఆపారు.
నలభై ఒకటో నిమిషంలో ఆ గొంతు
మళ్ళీ మొదలెట్టింది,
పద్నాలుగో వరస అంటూ.

జూన్ తేదీ వేసుంటే
నేను సంతకం గీకి టీకి వెళ్ళిపోయేదాన్ని.

ఫోన్ చేశాను.
"మిస్టర్ ట్విగ్, ఆ మంగళవారం ఏం జరిగింది?"
అవతల చాలాసేపు ఏదో పక్షి అరిచింది.
"ఏమీ జరగలేదమ్మా.
రోషీన్ అని కొత్తగా చేరిన పిల్ల
భోజనాల గదిలో, కెటిల్ పక్కన నిలబడి
'ఎరల్, పాలెన్ని పోయను?' అంది."

అంతే.

అతను కప్పు కింద పెట్టాడట. ఒలకకుండానే పెట్టాడట.
ఆ తర్వాత అంబులెన్సు వచ్చేదాకా
బల్ల కాలు పట్టుకుని నేలమీద కూర్చున్నాడట.

"చలిగదిలో వేళ్ళకి ఏం కాదు," అన్నాడు,
"కొయ్యముక్కల్లా పడుంటాయి.
బయటికొచ్చి గోరువెచ్చని నీళ్ళలో పెడతావు చూడు,
అప్పుడు పోతుంది ప్రాణం."

నా ముందు తెరమీద కారణాల పట్టీ జారింది:
పని ఒత్తిడి, వేధింపు, ఘోరాన్ని కళ్ళారా చూడటం,
ఇంకో అయిదు.
ఒక్కటే ఎంచుకోవాలి.
పాలు లేవు అందులో.

గొంతు తగ్గించి, చెయ్యకూడని మాటే అన్నాను:
"జూన్ అని మార్చుకుంటారా? తేలిగ్గా తేలిపోతుంది."
"అది టెవిటా తేదీ," అన్నాడు.
"వాడికున్నదే అదొక్కటి. నేను తీసుకోను."

ఫైలు ఇంకా తెరిచే ఉంది.
మా బోర్డుమీద నా పేరు పక్కన
ఆరు రోజుల ఆలస్యం అని పడింది,
ఇంకా ఎర్రబడలేదు, నారింజలో ఉంది.

సాయంత్రం వంటగదిలో కెటిల్ మరుగుతోంది.
ప్రూడెన్స్ వచ్చి నించుంది, ఒక చెవికి హెడ్‌సెట్ అలాగే ఉంచుకుని,
కప్పు చాపి, ఎటో చూస్తూ.
తొమ్మిదేళ్ళుగా పక్క బల్ల.
పాల సీసా నా చేతిలో చల్లగా ఉంది.
అడగడానికి
ధైర్యం చాల్లేదు.